చెవికి పలుపు

హిందూపురంలో బెంగళూరు మెము ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టి, జేబులోంచి హెడ్‌సెట్ తీశాను. ఎదురుగా కూర్చున్న మా అక్క కొడుకు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మామా, ఆ వైరు లోపల పెట్టు. ఎవరన్నా చూస్తే పరువు పోతాది."

నేను తీసింది నాటుసారా ప్యాకెట్టు కాదు. ఎప్పుడో స్టేషన్ బయట తోపుడుబండి మీద 150 రూపాయలకు బేరమాడి కొన్న తెల్ల వైరు. ఒక కొస ఫోన్‌లో గుచ్చితే రెండో కొస చెవిలో పాడుతుంది. నా పేరడగదు, పాస్‌వర్డ్ అడగదు, నాతో జత కడతావా అని అంతకన్నా అడగదు. పరిగిలో ఆర్టీసీ బస్సెక్కినప్పుడు మొదలుపెట్టిన పాట హిందూపురం దాకా ఒక్కసారి గొంతు సవరించుకోకుండా వచ్చింది.

మావాడు తన బడ్స్ డబ్బీ తీశాడు. నున్నగా, గుప్పిట్లో ఇమిడేంత ఉంది. మా అవ్వ సున్నం డబ్బీ అచ్చం ఇట్లాగే ఉండేది. కాకపోతే అవ్వ ఆ డబ్బీకి రాత్రిళ్లు చార్జింగ్ పెట్టినట్టు నాకు గుర్తులేదు. దానికి కొత్త అప్‌డేట్ వచ్చిందని తాంబూలం నోటి దగ్గర ఆపుకున్నట్టూ గుర్తులేదు.

ఈ పరువు గొడవకు పుట్టినరోజు ఉంది: 2016 సెప్టెంబర్ 7. ఆ రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్ కంపెనీ ఐఫోన్ 7 చూపించి, దానికి హెడ్‌ఫోన్ బొక్క పూడ్చేశామని ప్రకటించింది. వేదిక మీద ఫిల్ షిల్లర్ అనే పెద్దమనిషి ఆ పనికి చెప్పిన కారణం చివరికి ఒక్క మాటలోకి వచ్చింది: ధైర్యం. తుపాకీ ముందు రొమ్ము విరిచి నిలబడటాన్నే మనం ఇన్నాళ్లూ ధైర్యమనుకున్నాం. 3.5 మిల్లీమీటర్ల బొక్కకు మట్టి కొట్టడం కూడా ఆ పద్దులోకే వస్తుందని అప్పుడు తెలిసింది. అదే రోజు, అదే వేదిక మీద, వైరు లేని ఎయిర్‌పాడ్స్ బయటికి తీశారు. మన దేశంలో అప్పుడు వాటి ధర 15,400 రూపాయలు. బావి పూడ్చినవాడే నీళ్ల ట్యాంకర్ తోలుకొచ్చాడన్నమాట. అనంతపురం సీమ వాళ్లకు ఈ వ్యాపారం విడమరిచి చెప్పక్కర్లేదు.

దాన్ని చూసి నవ్వినవాళ్ల కథ ఇంకా బాగుంటుంది. మా ఫోన్‌కు బొక్క ఉందహో అని 2016లో గూగుల్ చాటింపు వేసుకుంది. మరుసటి ఏడు దాని కొత్త ఫోన్‌లో ఆ బొక్క లేదు. యాపిల్‌ను వెక్కిరిస్తూ శాంసంగ్ ప్రకటనలు తీసింది. 2019లో నోట్ 10కి తనూ బొక్క పూడ్చి, ఆ ప్రకటనలను గప్‌చుప్‌గా తీసేసింది. శ్రీరంగ నీతులకు శ్రీరంగం దాకా పోనక్కర్లేదు.

వాళ్లు పూడ్చిన ఆ బొక్కది పాత వంశం. 1878 ప్రాంతంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బల్లల ముందు కూర్చుని ఆపరేటర్లు గుచ్చిన ప్లగ్గుకు అది మునిమనవడు. ట్రాన్సిస్టర్ రేడియోలో దూరింది, 1979లో సోనీ వాక్‌మన్‌లో దూరింది. ఎవడి వైరు ఎవడి పెట్టెలో పెట్టినా పాడింది. అదే దాని నేరం. అందరికీ సరిపోయే వస్తువు మీద రెండోసారి డబ్బు రాదు.

దాని స్థానంలోకి వచ్చిన బ్లూటూత్‌కు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బిరుదు పెట్టారు. ఆయన పన్నొకటి చచ్చి నీలంగా మారిందని, అందుకే ఆ పేరని కథ. పుచ్చిపన్ను పేరు పెట్టుకున్నాక సలుపు రాకుండా ఉంటుందా? పాటను ముందు కుదించాలి, పొట్లాలు కట్టాలి, వైఫై తిరిగే గాలిలోకే విసరాలి, చెవి దగ్గర మళ్లీ విప్పాలి. ఈ తతంగానికి సెకనులో పదో వంతో ఐదో వంతో పడుతుంది. అందుకే మావాడు ఫోన్‌లో యుద్ధం చేస్తుంటే ముందు చస్తాడు, తర్వాత తుపాకీ మోత వింటాడు.

ఇంతకీ వాడి చేతిలో ఉన్నది రెండో జత. మొదటి జతలో కుడిది గౌరీబిదనూరులో దిగేవాళ్ల తోపులాటలో పట్టాల పాలైంది. రైలు ఆపమంటే ఎవరాపుతారు? ఎడమది ఇంట్లో అలమారలో ఉంది, కాడికి పనికిరాని ఒంటి ఎద్దులా. దాని కంతులు మాత్రం జతగానే కట్టాడు. పశువుకు పలుపు ఎందుకు కడతారో పరిగిలో పాలు పితికే ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. నా చెవులకు పలుపుంది. అవి గౌరీబిదనూరులో దిగిపోవు.

వైరు లేకపోవడమే గొప్పయితే మా ప్రాంతాన్ని మించింది లేదు. పరిగి దగ్గర జయమంగళి వచ్చి పెన్నలో కలుస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడు వచ్చి చూడండి. ఇసుకా ఇసుకా కలిసే ఆ సంగమం పక్కా వైర్‌లెస్. లేపాక్షి వీరభద్రుడి గుడిలో 16వ శతాబ్దంలోనే వేలాడే వైర్‌లెస్ స్తంభం నిలిపారు. దాని కింద తువ్వాలు దూర్చి, ఇటునుంచి అటు లాగి, ఫొటో దిగి పోతారు జనం. పైకప్పును మోస్తున్నది నేల మీద కాళ్లూని నిలబడ్డ తక్కిన స్తంభాలని ఒక్కరూ తలెత్తి చూడరు. వాటితో ఫొటో ఎవరు దిగుతారు?

నా వైరు పతివ్రత అని నేననను. జేబులో మడిచి పెట్టింది మడిచినట్టే ఉన్న రోజు ఒక్కటీ లేదు. ధర్మవరంలో మగ్గం మీద వేల పోగుల పడుగులో ఒక్కటి తెగితే వెతికి పట్టి అతుకుతారు. నాకు ఒక్క పోగు చిక్కు తీయడానికి దొడ్డబళ్లాపురం వస్తుంది. బస్సులో పక్కావిడ గాజుకు తగులుకుని తిట్లు తినిపించింది కూడా. ఏడాది తిరిగేసరికి ప్లగ్గు మెడ దగ్గర నరం తెగి, ఒక చెవే పాడుతుంది. దాన్ని ఒక వంకర కోణంలో వేలితో నొక్కి పట్టుకుంటే రెండోదీ పాడుతుంది. ఆ భంగిమలో నేను పాట వింటున్నట్టుండదు, నాడి చూస్తున్నట్టుంటుంది. అయినా అది చచ్చిపోతే 150 రూపాయల దుఃఖం. బడ్స్‌లో పప్పుబద్దంత బ్యాటరీ రెండు మూడేళ్లకు ముసలిదైతే, జిగురుతో మూసిన ఆ పెంకు విప్పి మార్చే నాథుడు మా బజారులో లేడు. కాటికి పోవాల్సిందే, రెండూ, డబ్బీతో సహా.

ఇంకో సంగతి. ఫోన్‌లో ఎఫ్ఎం రేడియో వినాలంటే ఏరియల్ కావాలి. ఆ ఏరియల్ ఈ వైరే. వరదలు, తుపాన్లు వచ్చినప్పుడు పనికొస్తుంది, ఫోన్లలో ఎఫ్ఎం ఉండేట్టు చూడండని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకు సలహా కూడా ఇచ్చింది. కంపెనీలు విన్నాయేమో, వినే వైరు ఏదీ?

రైలు మాకళిదుర్గ దాటింది. మావాడి డబ్బీ మీద ఎర్రదీపం వెలిగి, ఆరింది. చెవిలో ఎవతో ఇంగ్లీషులో వీడ్కోలు చెప్పిందట. కాసేపు కిటికీ చూశాడు, కాసేపు నన్ను చూశాడు.

"మామా, ఒక సైడు ఇయ్యి."

ఇచ్చాను. నా పక్కకు మారి, కాలరు కిందనుంచి వైరు దాచి, భుజానికి భుజం ఆనించి దొడ్డబళ్లాపురం, రాజనకుంటె దాటేదాకా విన్నాడు. యలహంక ప్లాట్‌ఫాం కనబడగానే చెవిలోంచి పీకి నా ఒళ్లో పడేశాడు.

"మా ఆఫీసోళ్లు ఈడ ఎక్కుతారు."

ఆ చచ్చిన బడ్స్ రెండూ తీసి చెవుల్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, తాళానికి తల ఊపడం మొదలుపెట్టాడు.