ఎద్దుల వైద్యం

పశువుల మధ్య పెరిగినవాడికి ఒక పొగరుంటుంది. నాకది కాస్త ఎక్కువే ఉండేది. ఎద్దు కుంటుతుంటే మా నాన్న గిట్ట నుంచి జబ్బ దాకా తడిమి, నొప్పి ఎక్కడుందో చెప్పేసేవాడు. ఆయన పక్కన నిలబడి చూసినందుకే ఆ విద్య నాకూ అబ్బిందనుకున్నాను. బెజవాడలో మూడో అంతస్తు కాపురం, బ్యాంకు ఉద్యోగం. ఎద్దును ముట్టుకుని ఏళ్లయినా ఆ నమ్మకం మాత్రం సడల్లేదు.

మా అమ్మాయి కుక్క కావాలంది. అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోరన్నాను. బేరాలాడుకుని చివరికి గినీ పిగ్ దగ్గర తేలాం. పేరు చిట్టి. దుకాణంవాడు మేత పొట్లం చేతిలో పెడుతుంటే నాకు నవ్వొచ్చింది. గడ్డి తినే ప్రాణికి పొట్లం మేతేమిటి? ఊరి నుంచి వరిగడ్డి తెప్పించాను. తవుడు, నూకలు, నానబెట్టిన శనగలు. దూడను సాకినట్టే సాకాను. "కాస్త కొత్తిమీర వేద్దామండీ" అని మా ఆవిడ అంటే, పురుగుమందులు కొట్టిన ఆకులు దాని పొట్టకు పడవని కొట్టిపారేశాను.

కార్తీకమాసంలో ఒక ఉదయం చిట్టి వెనక కాలు నేలకు ఆనించడం మానేసింది. మూలన ముడుచుకుని కూర్చుంది. ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే కీచుకీచుమనేది, ఆ ఊసే లేదు. ముందురోజు మా మేనల్లుడు వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. ఇంకేం, ముద్దాయి దొరికాడు. ఫోన్ చేసి, పడేశావా లేదా చెప్పమని గద్దించాను. "లేదు మామయ్యా, ఒట్టు" అన్నాడు. చిన్నపిల్లలు ఒప్పుకుంటారా అనుకున్నాను. మా చెల్లెలు మారుమాట లేకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత వైద్యం మొదలుపెట్టాను. చింతపండు, ఉప్పు, పసుపు ఉడకేసి పట్టు వేశాను. బెణికిన కాలికి మా ఊళ్లో అదే మందు. చిట్టి దాన్ని నాకడం మొదలుపెట్టింది. నాకకుండా గుడ్డ చుట్టాను, గుడ్డ కొరికేసింది. కాలు పట్టుకుని సాగదీసి చూస్తే అది పెట్టిన కేక మా అమ్మాయి ఇప్పటికీ గుర్తుచేస్తుంది. ఇంట్లో నాకోసం తెచ్చుకున్న అమాక్సిసిలిన్ మాత్రలు కొన్ని మిగిలి ఉన్నాయి. చీము పడుతుందేమోనని ఒకటి నూరి, గిన్నెలో కాసిని నీళ్లలో కలిపి ఉంచాను. అమ్మాయి ఆ గిన్నె తీసుకెళ్లి సింకులో పారబోసి, "డాక్టర్ దగ్గరికి వస్తావా, నేను ఆటోలో వెళ్లనా?" అంది. అప్పుడు కదిలాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా బ్యాంకులో కొత్తగా చేరిన క్లర్కు వయసుంటుంది. ఎక్స్‌రే తీయించింది. ఎముక విరగలేదు. కీళ్లు వాచాయి, చిగుళ్లు ఎర్రబడ్డాయి. కాలు వదిలేసి, "ఏం పెడుతున్నారు సార్?" అని అడిగింది. గర్వంగానే చెప్పాను. ఆమె కలం ఆపి, "పచ్చివి ఏమీ పెట్టరా?" అంది.

అప్పుడు తెలిసింది. ఆవు, ఎద్దు, మేక తమకు కావలసిన సి విటమిన్‌ను ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. గినీ పిగ్‌కి ఆ శక్తి లేదు. మనకూ లేదు. రోజూ తిండిలోంచే రావాలి, కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా. కొన్ని వారాలు రాకపోతే కీళ్లలో రక్తం చిమ్మి వాస్తాయి, ముట్టుకుంటే అరుస్తుంది, కుంటుతుంది. పూర్వం నెలల తరబడి సముద్రం మీదుండే నావికులను చంపిన స్కర్వీ ఇదే. నాన్నకు తెలిసిన వైద్యమంతా విటమిన్ సొంతంగా చేసుకునే పశువులది. నేను ఆ మేతే తెచ్చి, చేసుకోలేని దానికి పెట్టాను.

తర్వాత చదివితే ఇంకా సిగ్గేసింది. నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియొడోర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు 1907లో గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యం పెట్టి, వాటికి స్కర్వీ వస్తుందని లోకానికి చూపించారు. విటమిన్ అనే పేరు అప్పటికింకా పుట్టలేదు. తాజా కూర, నిమ్మరసం ఇస్తే జబ్బు రాలేదు. వాళ్లు ప్రయోగశాలలో చేసిన పనిని నేను బాల్కనీలో చేశాను, ఫలితం రాసుకోకుండా.

అమాక్సిసిలిన్ సంగతి చెప్పినప్పుడు డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పడితే గినీ పిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టి ప్రాణం పోతుందట. పారబోసిన ఆ గిన్నెకు నేను ఈనాటికీ దణ్ణం పెట్టుకోవాలి.

సేవ పెద్ద కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. నొప్పి మందు, సి విటమిన్ మోతాదు ఆమె రాసిచ్చింది. మల్టీవిటమిన్ వద్దంది, ఎ, డి ఎక్కువైతే హాని. సి చుక్కలు తాగే నీళ్లలో కలిపితే వెలుతురుకు పాడైపోతాయి, నేరుగా నోట్లోనే పోయాలి. ఇనుప జాలీ అడుగు తీసేసి మెత్తటి దుప్పటి పరిచాం. అసలు భయం తిండిది. ఒక్కరోజు కడుపు ఖాళీగా ఉన్నా దాని పేగులు కదలడం ఆగిపోతుంది. మేత నానబెట్టి జావ చేసి, సూదిలేని సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెం పోసేవాళ్లం. నేను పోస్తే ఉమ్మేసేది, అమ్మాయి పోస్తే మింగేది. తప్పు పట్టలేను. రోజూ వంటింటి త్రాసు మీద బరువు చూశాం. జావ నుంచి క్యాప్సికం ముక్కకు, తర్వాత చిన్న జామ ముక్కకు వచ్చింది. బల్ల మీద బుట్టెడు ఉసిరికాయలు పెట్టుకుని మా ఆవిడ నన్నొక చూపు చూసింది. మాట కంటే అదే ఎక్కువ.

మేనల్లుడికి ఫోన్ చేసి తప్పయిందన్నాను. "పర్లేదు మామయ్యా" అని, చిట్టి ఎలా ఉందని అడిగాడు. వాడి పెద్దరికానికి నేను సరిపోను. చెల్లెలు ఇంకా పొడిపొడిగానే మాట్లాడుతోంది. చిట్టి నడుస్తోంది, ఒక కాలు కాస్త బిగుసుకునే ఉంది.

మీ ఇంట్లో గినీ పిగ్ కుంటుతుంటే కాలు పిసకకండి, మాత్ర నూరకండి. ఆరోజే డాక్టర్‌కు చూపించండి. వెళ్లేముందు దానికి ఏమేం పెడుతున్నారో ఒక కాగితం మీద దాచకుండా రాసుకెళ్లండి.