ఈశాన్యం రావుబాబు

కలకత్తా బేహాలాలో నాలుగు వీధులు తిరిగితే ఒక రావుబాబు తగలక మానడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ కావచ్చు, అప్పలస్వామి కావచ్చు. తెలుగువాడైతే చాలు, బెంగాలీ నోట రావుబాబే. మన రావుబాబు గార్డెన్ రీచ్‌లోని సౌత్ ఈస్టర్న్ రైల్వే హెడ్డాఫీసులో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఏ కాయితమైనా మూడు కాపీలు లేనిదే కదిలించలేదు. జేబులో పాసుండగా కూడా ప్లాట్‌ఫాం టికెట్టు కొన్న రకం. అలాంటివాడు అరవై దాటాక ఒక దొంగగోడకి యజమాని అయ్యాడంటే, దానికి కారణం దురాశ కాదు, వాస్తు.

పిల్లలు ఫ్లాటు కొనమన్నారు. "ఫ్లాటంటే గాల్లో వాటా రా! ఇల్లంటే నాలుగు గోడలు, వాటి చుట్టూ మళ్ళీ నాలుగు గోడలు" అని కొట్టిపారేశాడు. 2022 డిసెంబరు 30న జోకా–తారాతలా మెట్రో మొదలయ్యాక డైమండ్ హార్బర్ రోడ్డు పక్క రేట్లు ఆయన గ్రాట్యుటీకి అందకుండా పోయాయి. చివరికి ఒక సందులో పాత ఇల్లు దొరికింది. దస్తావేజులో స్థలం రెండు కాఠాల ఏడు ఛటాకులు. కాఠా అంటే 720 చదరపు అడుగులు, ఛటాకు 45. రావుబాబు అక్కడికక్కడే తొమ్మిదితో భాగించి, 195 గజాలని తేల్చుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఎన్నేళ్ళు కలకత్తాలో కాపురమున్నా, గజాల్లో చెబితే గానీ తెలుగువాడికి భూమి భూమిలా అనిపించదు.

ఇంటికి ఉత్తరం వేపు సందు. ఆ వేపు ప్రహరీ పడమటి మూల దగ్గర బుద్ధిగా మొదలై, తూర్పుకి పోయేకొద్దీ మెల్లగా బయటికి జరిగి, ఈశాన్యం చేరేసరికి మూడడుగులు ముందుకొచ్చి నిలబడింది. రాజమండ్రి సిద్ధాంతిగారికి వాట్సాప్‌లో స్కెచ్చి పంపితే ఆయన ఒక్కటే మాటన్నారు: "ఈశాన్యం పెరిగింది, కొనేయండి." లాయరు లింకు డాక్యుమెంట్లు చూశాడు. కొడుకు బాత్‌రూంలో పంపులు చూశాడు. ప్రహరీ ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారని అడిగే అలవాటు ఎవరికుంటుంది? అమ్మిన పెద్దమనిషి అంత బేరంలోనూ ఆ గోడ ఊసెత్తలేదు. ఎంత నిగర్వో అనుకున్నాడు రావుబాబు.

గుట్టు రట్టు చేసింది మేడమీద గది. పండక్కి అల్లుడొస్తే పడుకోడానికి పైన ఒక గది వేద్దామని, కార్పొరేషన్ లైసెన్సున్న సర్వేయరుని పిలిపించాడు. ఆయన టీకప్పులు పక్కకి జరిపి, బల్ల మీద పాత ప్లాను పరిచాడు. నీలం అమ్మోనియా ప్రింటు. మడతల దగ్గర చిరుగులు, వాటి మీద పసుపెక్కిన సెల్లోటేపు, మూలన సౌత్ సబర్బన్ మున్సిపాలిటీ ముద్ర. గార్డెన్ రీచ్, జాదవ్‌పూర్‌లతో పాటు బేహాలా కూడా 1984లో కలకత్తా కార్పొరేషన్‌లో కలిసింది. ఈ ప్లాను అంతకు ముందుది. సర్వేయరు పెన్ను మూతతో ఉత్తరం గీత వెంబడే వెళ్ళి, ఆగి, మళ్ళీ వెనక్కొచ్చి, "దాదా, పాంచిల్ కోథాయ్?" అన్నాడు.

ప్రహరీ ఎక్కడా? కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ప్లానులో మాత్రం లేదు. ప్లానులో ఉన్నది 'రోక్', అంటే వీధి వేపు తెరిచి ఉన్న అరుగు. టేపు పట్టారు. దస్తావేజులో ఏడు ఛటాకులు, నేలమీద ఎనిమిది. పొడవు 30 అడుగులు, ఒక కొసన సున్నా, రెండో కొసన 3. త్రికోణం లెక్క కడితే సరిగ్గా 45 చదరపు అడుగులు. ఈశాన్యం పెరిగిన మాట నిజమే. పెరిగింది కార్పొరేషన్ వారి సందులో.

ఆ అరుగు కథ కొన్నవాడికి తప్ప పాడా (అంటే పేట) అంతటికీ తెలుసు. బెంగాలీవాళ్ళు రోక్‌ని ఇంట్లో భాగంగా లెక్కెయ్యరు. అది వీధి వాళ్ళ హక్కు. నారాయణ్ గంగోపాధ్యాయ్ సృష్టించిన టేనీదా పటల్‌డాంగాలో ఎవరింటి రోక్ మీదో కూచునే కోతలన్నీ కోశాడు. ఈ అరుగు మీదా రెండు తరాలు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటూ జుట్లు పట్టుకున్నాయి. వేగలేక పాత యజమాని ఒక పూజా సెలవుల్లో, ఆఫీసులన్నీ తాళాలేసి ఉండగా, పాడా మొత్తం పందిట్లో ఉండగా, గోడ లేపేశాడు.

"దానికి పర్మిషన్ లేదని మాకెప్పుడో తెలుసు రావుబాబూ" అన్నాడు ఎదురింటి కాకాబాబు, చల్లగా.

"మరి కొనేముందు చెప్పలేదేం?"

"మీరడగలేదుగా!"

ఆ రాత్రి నుంచి రావుబాబు లా చదవడం మొదలెట్టాడు. కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ చట్టం, 1980. సెక్షన్ 400. అనుమతి లేని కట్టడాన్ని కూల్చమని కమిషనరు ఆదేశించవచ్చు. ముందు సంజాయిషీ అడగాలి, చెప్పుకునేది వినాలి. నచ్చకపోతే బిల్డింగ్ ట్రిబ్యునల్‌కి అప్పీలు. భార్య పప్పు వడ్డిస్తుంటే ఆయన ఆవిడకి సెక్షన్లు వడ్డిస్తాడు. 2024 మార్చిలో గార్డెన్ రీచ్‌లో కడుతూ ఉన్న అయిదంతస్తుల భవనం కూలి పదిమందికి పైగా ప్రాణాలు పోయాక, అక్రమ కట్టడాలన్న మాట పేపర్లో వస్తే చాలు, ఆయనకి అన్నం సహించడం లేదు. "అయిదంతస్తులు లేచేదాకా ఆనని కళ్ళకి నా అయిదడుగుల గోడ ఆనుతుంది చూడు" అని ఏడుపు. ఆ ఏడుపులో న్యాయం లేకపోలేదు.

హైదరాబాదు బావమరిదికి ఫోను చేశాడు.

"బావా, అక్కడ ఎల్‌ఆర్‌ఎస్ లాంటిదేదీ లేదా? నేను 2020లో వెయ్యి రూపాయలు కట్టిన రసీదు ఇప్పటికీ బీరువాలో ఉంది."

"ఉంటే? నీ ప్లాటు రెగ్యులరైజ్ అయిందా?"

"అవలేదనుకో. కట్టానన్న ధైర్యం ఉంది కదా! అదీ 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక పోయింది. మా కాలనీలోకి జేసీబీ వస్తే చాలు, అందరం దస్తావేజులు పట్టుకుని బాల్కనీల్లోకి వస్తున్నాం."

సర్వేయరు చెప్పిన మందు చిన్నదే. గోడ పడగొట్టి లోపలికి జరిపి కట్టుకోవాలి. సరిహద్దుల డిక్లరేషన్ రిజిస్టరు చేయించాలి. కొత్త ప్లానులో చూపించాలి. అయ్యే ఖర్చు అల్లుడికి పండక్కి పెట్టే ఖర్చు కన్నా తక్కువ. రావుబాబు చెవులు మూసుకున్నాడు. "ఈశాన్యం కోసెయ్యమంటాడేమిటే! ఇంట్లో పిల్లలు గలవాళ్ళం!"

తప్పులో ఉన్నవాడికి తోడు దొరికితే సగం బరువు తగ్గుతుంది. పొద్దున్నే వాకింగుకి వెళ్ళేటప్పుడు జేబులో స్టీలు టేపు వేసుకోవడం మొదలెట్టాడు. షూలేసు కట్టుకునే నెపంతో వంగి ఒకరి మెట్టు కొలుస్తాడు. పిల్లిని పిలిచే నెపంతో ఇంకొకరి ప్రహరీ కొలుస్తాడు. ఒకరి మెట్లు డ్రెయిను మీదున్నాయి, ఒకరి గ్రిల్లు ఫుట్‌పాత్ మీదుంది, కాకాబాబు తులసికోట అయితే పూర్తిగా సందులోనే ఉంది. పాత రైల్వే డైరీలో వీధి వీధంతా ఎక్కేసింది. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తిరగేసుకుని, హాయిగా నిద్రపోతాడు. ఇల్లు కొనాలనుకునే తెలుగు కుర్రాళ్ళు ఇప్పుడు ముందు ఆయన దగ్గరికే వస్తున్నారు. ఫీజు ఒక ఫిల్టరు కాఫీ, సలహా ఒకటే: "అమ్మేవాడు దేని గురించి మాట్లాడడో, దాన్ని కొలవండి." ఇంతకు మించిన లీగల్ ఒపీనియన్ హైకోర్టు దగ్గర కూడా దొరకదు.

అసలు పరీక్ష ఎన్నికలప్పుడు. కలకత్తాలో ఖాళీ గోడ ఉంటే ప్రజాస్వామ్యం ఊరుకోదు. పార్టీ కుర్రాళ్ళు సున్నం బకెట్టుతో వస్తారు. మూలన పార్టీ పేరూ, సంవత్సరమూ రాసి ముందే రిజర్వు చేసుకుంటారు. ఎన్నికల సంఘం నిబంధన ప్రకారం ఇంటాయన రాసిచ్చిన అనుమతి కావాలి. "కాకూ, ఒక్క సంతకం" అన్నారు. రావుబాబు చెయ్యి వణికింది. 'నా గోడ మీద రాసుకోండి' అని సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టే కదా! "ఆ గోడ సంగతి నాకు తెలీదు నాయనా, మీ ఇష్టం" అన్నాడు. ఈ మాట సాయంత్రానికల్లా మిగతా పార్టీలకీ చేరింది. ఇప్పుడు పడమటి కొసన జోడుపూలు, నడుమ కొడవలీ సుత్తీ నక్షత్రం, ఈశాన్యంలో కమలం.

ఎన్నికలైపోయాక కార్పొరేషన్ నోటీసు వచ్చింది. మ్యుటేషన్ ఇంకా కాలేదు కాబట్టి పేరు పాత యజమానిదే. తెచ్చినవాడు మంచివాడు. "ఈ పేరుగలాయన ఇక్కడ లేడని రాసుకుపోతాను, మళ్ళీ తిరిగొచ్చేసరికి చాలా రోజులు పడుతుంది" అన్నాడు. కాకాబాబు తన తులసికోట ముందు నిలబడి, ఒప్పుకోమని సైగ చేశాడు. భార్య వెనక నుంచి చొక్కా లాగింది.

రావుబాబు కళ్ళజోడు సవరించుకుని నోటీసు చదివాడు. ఫలానావారికి చెందిన సరిహద్దు గోడ అన్నచోట ఆగాడు. మొహం కందగడ్డయింది. పెన్ను తీసి, పాత పేరు అడ్డంగా కొట్టేసి, పైన ఇంటిపేరుతో సహా తన పేరు రాసి, సంతకం చేసి, తేదీ వేసి, తనకి మూడు కాపీలు కావాలన్నాడు.

"చేజేతులా ఏమిటండీ ఈ పని?"

"నా గోడకి వాడి పేరేమిటే?"

"మూడు పార్టీలు పేర్లు రాసినప్పుడు రాని రోషం ఇప్పుడొచ్చిందా?"

"వాళ్ళు సున్నమైనా వేసి రాశారు. వీడు డబ్బుచ్చుకుని కూడా పేరు తుడుచుకోలేదు!"