చాకిరీ మనది, కూలీ వాళ్లది

హైదరాబాద్ నుంచి విశాఖకు 2,999 రూపాయలే అని యాప్ ఊరిస్తుంది. ఎగిరి గంతేయకండి. ఆ ధర విమానం ఎక్కడానికి కాదు, యాప్‌లోకి దిగడానికి. దిగాక ఇంటిల్లిపాది పేర్లూ, పుట్టిన తేదీలూ, ఫోన్ నంబరూ కొట్టించుకుని, తీరా డబ్బు కట్టబోతే ‘ధర ఇప్పుడే మారింది’ అంటుంది. ఎవరు మార్చారయ్యా? మనం కూడబలుక్కుని టైపు చేసేలోగా విశాఖ ఇంకో వంద కిలోమీటర్లు అవతలికి జరిగిందా?

సరే, ధర పెరగడం మాట వదిలేద్దాం. సంక్రాంతికి నిలువుదోపిడీ మనకు కొత్త కాదు, ప్రైవేటు బస్సులవాళ్లు ఎప్పుడో అలవాటు చేశారు. 1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయ్యాక ఛార్జీలు కంపెనీల ఇష్టానికే వదిలేశారు. ఒళ్లు మండేది అక్కడ కాదు. అన్నీ అయ్యాక, చివరి పేజీలో నక్కి కూర్చునే కన్వీనియన్స్ ఫీజు దగ్గర.

ఒకప్పుడు కౌంటర్లో గుమాస్తా ఉండేవాడు. ఇప్పుడా ఉద్యోగం మనకిచ్చారు. ‘లాస్ట్ నేమ్ తప్పనిసరి’ అని మొండికేసే గడిలో మన పొట్టి ఇంటిపేరును ఎక్కడ ఇరికించాలో తేల్చుకునేది మనం. చెకిన్ చేసుకునేది మనం, బోర్డింగ్ పాస్ తీసుకునేది మనం. ఫోను మనది, డేటా మనది, తప్పు పడితే దిద్దుబాటు ఛార్జీ కూడా మనదే. ఇంత చాకిరీకి జీతం అడిగామా? లేదు. వాళ్లే మన దగ్గర కూలీ పుచ్చుకుంటున్నారు. తలకు మూడు వందల పైచిలుకు, పోనూ ఒకసారి, రానూ ఒకసారి. నలుగురున్న ఇల్లయితే ఒక్క ఓటీపీ కొట్టినందుకు ఎనిమిది వడ్డింపులు!

రైల్వేవాళ్లూ తీసుకుంటారు, కాదనను. ఐఆర్‌సీటీసీలో ఏసీ టికెట్‌కు 30 రూపాయలు, యూపీఐతో కడితే 20, పైన జీఎస్టీ. కానీ అది టికెట్‌కు. దాని మీద ఒకరున్నా ఆరుగురున్నా అంతే. విమానాలవాళ్ల సర్వర్‌కు మాత్రం మనిషి మనిషికీ విడివిడిగా ఆయాసం వస్తుంది కాబోలు, పాపం.

కౌంటర్లో బోర్డింగ్ పాస్ చేతికిచ్చినందుకు కూడా కొన్ని కంపెనీలు 200 రూపాయలు గుంజాయి. జనం మొత్తుకోగా మొత్తుకోగా 2022 జులైలో పౌర విమానయాన శాఖ కలగజేసుకుని, అలా వసూలు చేయకూడదని చెప్పింది. లేకపోతే ఈపాటికి మెట్లెక్కడానికో రేటు, దిగడానికో రేటు ఉండేవి.

ఇక సీట్ల పటం. కాళ్లు చాపుకునే వరుస ఓ రంగు, కిటికీ ఓ రంగు, ముందు వరుసలు మరో రంగు. ప్రతి గడి మీదా అంకె. ఇద్దరి మోచేతుల మధ్య నలిగే నడిమి సీటుకూ రొక్కమే. కొనకపోతే నిలబెట్టి తీసుకెళ్తారేమోనని దడ. నిజానికి అదనపు సేవలు కోరుకున్నవాళ్లకే ఇవ్వాలని, సీటు ఎంచుకోనివాళ్లకు దానంతటదే ఒకటి కేటాయించాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021లోనే సర్క్యులర్ ఇచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్లో చెప్పింది. తల్లి పక్కన బిడ్డను కూర్చోబెట్టడానికీ ప్రభుత్వం కాగితం పంపాలన్నమాట. యాప్‌కు ఈ సంగతులన్నీ తెలుసు. అందుకే ‘స్కిప్’ అన్న ముక్కను పేజీ అడుగున, లేత బూడిద రంగులో, చత్వారం వచ్చినవాడి కంట పడనంత సన్నగా పెడుతుంది. ‘సీట్లు అయిపోతున్నాయి’ మాత్రం ఎర్రగా, లావుగా.

దాన్ని దాటితే బీమా. వద్దంటే సరిపోదు, ‘నాకు రక్షణ అక్కర్లేదు’ అని మన నోటితోనే అనిపిస్తారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి మాయలు పదమూడింటిని పేరుపేరునా నిషేధించింది. బీమా వద్దన్నవాణ్ణి ఇలా సిగ్గుపడేలా చేయడానికి అందులో ఇచ్చిన ఉదాహరణ విమాన టికెట్‌దే. అడగని సరుకు బుట్టలో వేయడం, ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నిషేధించడానికి రాశారు గానీ, కొందరు దాన్ని పాఠ్యపుస్తకంగా కొనుక్కున్నట్టున్నారు.

ప్రయాణం మానుకుంటే అసలు ముచ్చట. రద్దు ఛార్జీ బేసిక్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపినదాన్ని మించకూడదు. వాపసు లేని టికెట్ అయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాలి. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో ఉంచాలా, మన చేతికివ్వాలా అన్నది మన ఇష్టం. ఇవన్నీ డీజీసీఏ నిబంధనలే. కన్వీనియన్స్ ఫీజు మాత్రం రాదు. వెళ్లకపోయినా సౌకర్యం అనుభవించేశాంగా! మిగతా డబ్బుకు కంపెనీ వాలెట్ ఎదురుగా టిక్కు ముందే పెట్టి ఉంటుంది. ‘బ్యాంకు ఖాతాకు పంపండి’ అన్నది దాని కింద ముడుచుకున్న మెనూలో ఉంటుంది. కనిపించినవాళ్లు వెంటనే స్క్రీన్‌షాట్ తీసి చుట్టాలకు పంపండి, రేపు యాప్ అప్‌డేట్ ఉందట.