తెలివి సొంతం, రోడ్డు ఉమ్మడి

సొంతిల్లు కట్టుకున్న తెలుగువాడికి ఇంజనీరంటే చులకన. ఫీజు దండగ కదా? చేతిలో ఫోనుంది, ఫోనులో యూట్యూబుంది, ఎదురుగా అన్నిటికీ తలూపే మేస్త్రి ఉన్నాడు. ఇక కారు షెడ్డెంత పని! నాలుగు పిల్లర్లు, పైనో స్లాబు. హైదరాబాదు కాలనీల్లో ఏ వీధికెళ్లినా ఈ స్వయంప్రతిభ సిమెంటు రూపంలో దర్శనమిస్తుంది.

కొలతలు షోరూం కాగితం చూసి రాసుకుంటారు. 2006లో కేంద్రం నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించినప్పటి నుంచి కంపెనీలు డిక్కీ కోసి మరీ మిల్లీమీటర్లు లెక్కపెడుతున్నాయి. మనవాళ్లు ఆ లెక్కనే గోడలకు వర్తింపజేస్తారు. కారన్నాక తలుపులు తెరవాలన్న సంగతి గృహప్రవేశం నాడు తెలుస్తుంది. ఆ వెడల్పులో పక్క అద్దాలు కలవలేదని అద్దం విరిగాక తెలుస్తుంది. వాయవ్యం మాత్రం అంగుళం తప్పదు.

ఇక కాంక్రీటు. ఎం20 రకానికి 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్ల నీళ్లు చాలంటుంది కాంక్రీటు ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456. "మాలు జారాలి సార్, లేకపోతే పారకి రాదు" అంటాడు మేస్త్రి. సారే ఇంకో బకెట్టు అందిస్తాడు. చిన్న స్లాబుకైనా కింద పోట్లు వారం ఉండాలి, స్లాబు స్పాను నాలుగున్నర మీటర్లు దాటితే పద్నాలుగు రోజులు. సెంట్రింగు సామాను అద్దె గుర్తొచ్చి సారు నాలుగో రోజే పీకించేస్తాడు. స్లాబు తడపటం వాచ్‌మన్ భార్య బాధ్యత. ఆమె ఊరెళితే వరుణదేవుడి బాధ్యత.

ఇవన్నీ సొంత నష్టాలు, పోనీ అనుకోవచ్చు. అసలు కళాఖండం ర్యాంపు. రోడ్డు మీద తారు మీద తారు వేస్తారు కాబట్టి, ముందుచూపుతో ఇంటిని మూడడుగులు లేపుతారు. అడుగు ఎత్తుకి ఎనిమిదడుగుల వాలు ఇవ్వమంటారు ఇంజనీర్లు. అంటే ఇరవై నాలుగడుగుల ర్యాంపు. అంత లోపలే పోస్తే ఇక షెడ్డుకి చోటెక్కడ? అందుకని గేటు బయట పోస్తారు, అదీ మూడో వంతు పొడవులో, గోడలా నిలబెట్టి. దాని కింద మురుగు కాలువ ఉంటుంది. పూడిక తీయాల్సిన కార్మికుడికి చెయ్యి పెట్టే సందు కూడా ఉండదు. వానొస్తే ఆ నీళ్లు పక్కింట్లోకి పోతాయి. పక్కింటాయనేం తక్కువా? తన ర్యాంపు ఇంకో అరడుగు లేపుతాడు. చూస్తుండగానే వీధికి రెండు వైపులా కొండలూ లోయలూ తయారవుతాయి. కర్ర పట్టుకుని నడిచే ముసలమ్మ రోడ్డు మధ్యకి దిగుతుంది. వెనక నుంచి ఆ కారే వచ్చి హారన్ కొడుతుంది, పక్కన నడవటం తెలియదా అని.

ఇంతా చేసి కారు షెడ్డులో ఉంటుందా? అద్దె వచ్చే చోట కారేమిటని దాన్ని కర్రీ పాయింటుకి ఇచ్చేస్తారు. కారు కవరు కప్పుకుని రోడ్డు మీద పడుకుంటుంది. గేటుకి మాత్రం "వాహనములు నిలుపరాదు" అని బోర్డు. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లది ఇంకో ముచ్చట: కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, ఫ్యాను కోసం వేసిన సన్నటి వైరుతో రాత్రంతా చార్జింగు.

సర్కారుకి మన మీద అపారమైన నమ్మకం. 2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 600 గజాల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే అనుమతి వెంటనే వచ్చేస్తుంది. అన్నీ నిబంధనల ప్రకారమేనని సంతకం చేసిన చేత్తోనే సారు బకెట్టు అందుకున్నాడు. తప్పుడు ధ్రువీకరణతో కడితే నోటీసు లేకుండా కూల్చవచ్చని కూడా అదే చట్టంలో ఉంది. ఆ పేజీ దాకా ఎవరు చదువుతారు?

అయ్యా, పొక్లెయినర్ వచ్చేదాకా ఆగకండి. సొంతంగా చేసుకునే పనులంటే మీకెలాగూ సరదా. ఈ ఆదివారం ఓ గునపం తీసుకుని, గేటు బయటి ర్యాంపు మీరే పగలగొట్టండి.