బండి ఎక్కడాగితే అక్కడే మకాం

రిటైరైన మనిషికి పిల్లలు చేసే మొదటి ఉపకారం ఊరు మారమనడం. మా అబ్బాయి బెంగళూరు నుంచి, అమ్మాయి సికింద్రాబాదు నుంచి ఫోన్లు చేసి ఒకటే పాట: "డొంకూరులో ఇంకెన్నాళ్లుంటారు నాన్నా? బజారూ, ఆసుపత్రీ, రైలూ ఉన్న ఊరేదైనా చూసుకోండి." వాళ్లకు డొంకూరంటే ఇష్టం లేక కాదు. సంక్రాంతికి వస్తే సముద్రం ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరులో మాత్రం ఫోన్లు పనిచెయ్యక, మేమున్నామో లేమో తెలియక అల్లాడిపోయారు. కొబ్బరిచెట్లు పడిపోయాయి గానీ మేం నిలబడే ఉన్నాం. ఆ సంగతి వాళ్లకు ఎంత చెప్పినా రుచించదు.

సరే, ఊరు మారడానికి ఒప్పుకున్నాను. ఊరు ఎంచడం దగ్గరే వచ్చింది తిరకాసు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా మా ఉద్దానం అంతా హౌరా–చెన్నై లైను వెంటే ఉంది. ఇన్ని బండ్లు పోయే దారిలో ఊరు దొరక్కపోవడమేమిటని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని కాగితం, పెన్సిలు పట్టుకు కూర్చున్నాను. ఒక్కొక్క పేరూ రాస్తుంటే తేలిన విషయం ఏమిటంటే, మా శ్రీకాకుళం జిల్లాలో ఊరూ స్టేషనూ కలిసి కాపురం చెయ్యవు.

మా ఆవిడ పుట్టిల్లు సోంపేట గనక, వినయంగా సోంపేటతోనే మొదలుపెట్టాను. మంచి బజారు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే సంత, అదే బట్టల కొట్టు. సోంపేట పేరుతో రైల్వే స్టేషనూ ఉంది. ఆ స్టేషను ఉండేది మాత్రం కంచిలిలో. పేరు సోంపేటకు, బండి కంచిలికి. కంచిలివాడు తన ఊళ్లో రైలెక్కి పక్క ఊరి పేరుతో టిక్కెట్టు కొంటాడు. సోంపేటవాడు తన పేరున్న బోర్డు చూసుకోవాలన్నా ఆటో మాట్లాడుకోవాలి. "అయితే ఏటి? ఆటోకి పోవడం కూడా కష్టమేనా?" అంది మా ఆవిడ. పుట్టింటి విషయంలో దూరాలు తగ్గుతాయని నాకు తెలుసు గనక మాట్లాడలేదు.

బారువ చూద్దామా అంటే, ఒకప్పటి రేవు, చక్కటి తీరం, కొబ్బరితోటలు. అంటే ఇంకో డొంకూరు. దాని పేరు పెట్టుకున్న స్టేషను సముద్రానికి భయపడ్డట్టు లోపలికి జరిగి మెయిన్ లైను మీద కూర్చుంది. మందసకు వాసుదేవ పెరుమాళ్ గుడి ఉంది, కోవా ఉంది. స్టేషను పేరు మాత్రం మందస రోడ్డు. ఇంతవరకే మా పూచీ, ఇక్కణ్ణించి నీ పాట్లు నువ్వు పడు అని రైల్వేవాళ్లు పేరులోనే చెప్పేశారు. జిల్లా కేంద్రానికే ఆ గతి పట్టినప్పుడు మందసకు బాధెందుకు? శ్రీకాకుళం రోడ్డు స్టేషనున్నది ఆమదాలవలసలో కదా.

టెక్కలి సంగతి ఇంకా చిత్రం. రెవెన్యూ డివిజను కేంద్రం, గ్రానైటు వ్యాపారం, నిండైన బజారు. స్టేషను కూడా ఊరి పేరుతో ఊరి దగ్గరే ఉంది. ఇక్కడ సంసారం కుదిరిందని సంబరపడ్డాను. తీరా చూస్తే అది మెయిన్ లైను కాదు. పర్లాకిమిడి రాజావారు తమ ఊరికి రైలు కావాలని నౌపడ నుంచి వేయించుకున్న చిన్న పట్టాల దారి అది. 1900లో బండి నడిచింది, 1931 నాటికి గుణుపూరు చేరింది. తర్వాత పెద్ద పట్టాలు కూడా వేశారు. రాజావారు దూరదృష్టి గలవారే, కాకపోతే వారి దృష్టి పర్లాకిమిడి వైపుంది. టెక్కలివాడు హౌరా–చెన్నై బండి ఎక్కాలంటే నౌపడ పోవాల్సిందే. నౌపడలోనే ఉండిపోదామా అంటే అక్కడ ఉప్పు పండుతుంది గానీ మా ఆవిడ అడిగినంత బజారు పండదు.

ఈ చర్చ సాగుతుండగా ఖరగ్‌పూర్ నుంచి మా బావమరిది దిగాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి మా జిల్లావాళ్లు ఆ ఊరికి బారులు తీరి వెళ్లారు. అక్కడ తెలుగు బడులున్నాయి, తెలుగు పేటలున్నాయి. మూడో తరం వాళ్లు బెంగాలీలో బేరమాడి, హిందీలో డ్యూటీ చేసి, శ్రీకాకుళం యాసలో తిట్టుకుంటారు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం వాళ్లది. ప్రపంచంలోకెల్లా పొడుగని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్ వాళ్లు 1366 మీటర్లు కట్టి ఆ మాట లాగేసుకున్నారు. ఆ దుఃఖం మా బావమరిదికి ఇంకా తీరలేదు.

"స్టేషను వచ్చేక ఊరు కట్టుకోవాల బావా. ముందు ఊరు కట్టీసి, తర్వాత రైలొచ్చి మా గుమ్మంలో ఆగాలంటే ఎలగ?" అన్నాడు. అది నిజమే. ఖరగ్‌పూర్‌లో స్టేషను చుట్టూ ఊరు మొలిచింది. మా దగ్గర మందస, సోంపేట లాంటివి ముందే ఉన్నాయి. 1890లలో లైను వేసిన దొరలు ఒకవైపు కొండలనూ ఇంకోవైపు ఇసుకనూ చూసుకుని మధ్యలోంచి పట్టాలు లాక్కుపోయారు. ఏ ఊరి పెద్ద మనసు నొచ్చుకుంటుందో వాళ్లకేం తెలుసు!

ఇచ్ఛాపురం ఉంది కదా అంటారా? ఉంది. మున్సిపాలిటీ, ఊళ్లోనే స్టేషను. 2024లో మొదలైన భువనేశ్వర్–విశాఖ వందే భారత్ కూడా అక్కడ ఆగుతుంది. కానీ మా ఆవిడ కొట్టిపారేసింది: "డొంకూరు నుంచి ఇచ్ఛాపురం పోవడం ఊరు మారడమేటండీ, సంతకెళ్లి తిరిగి రాపోవడం!" పైగా ఆ ఊరికి ముగింపు ఊరన్న పేరు పడిపోయింది. 2003లో రాజశేఖరరెడ్డి గారి పాదయాత్ర అక్కడ ముగిసింది. 2013లో షర్మిల గారిదీ, 2019లో జగన్ గారిదీ అంతే. వేల కిలోమీటర్లు నడిచొచ్చిన వాళ్లకు ఇక్కడ ఏ ఎక్స్‌ప్రెసుకు హాల్టు ఉందో, దేనికి లేదో ఏం పట్టింపు?

ఇంకో పాతిక కిలోమీటర్లు పోతే బరంపురం. బోలెడు బండ్లు, పట్టుచీరలు, వి.వి.గిరి గారు పుట్టిన ఊరు. 1936 దాకా అదీ మనమూ ఒకే మద్రాసు రాష్ట్రం. ఇప్పటికీ తెలుగులో బేరమాడి బతికేయవచ్చు. కానీ పింఛను ఇటు, ఓటు ఇటు, రేషను కార్డు ఇటు. మనిషొక్కడూ అటు ఉంటే, ఉన్నాడని రుజువు చెయ్యడానికి నెలకోసారి సరిహద్దు దాటాలి.

మా పక్కింటి బోటు ఓనరు ఇదంతా గట్టు మీద కూర్చుని విన్నాడు. "మాస్టారూ, తవరు రైలు కోసం ఊరు ఎతుకుతున్నారు. మా కుర్రోల్లు ఊరొదిలి రైలెక్కి గుజరాత్‌లో వీరావల్ రేవుకి ఎల్లిపోనారు. ఆల్లకి ఏ స్టేషనూ దూరం కానేదు" అన్నాడు. అతని మాటకు మా దగ్గర జవాబు లేదు. మా బావమరిది టైంటేబిల్ తెరిచాడు.

తిరిగి తిరిగి అందరం పలాసకే వచ్చి పడ్డాం. ఫలక్‌నుమా ఆగుతుంది, అమ్మాయి దగ్గరికి పోవచ్చు. ప్రశాంతి ఆగుతుంది, అబ్బాయి దగ్గరికి పోవచ్చు. కోణార్క్ ఆగుతుంది, బొంబాయిలో మాకెవరూ లేకపోయినా అదొక ధైర్యం. బజారేమో పక్కనే కాశీబుగ్గలో. రెండూళ్లకూ కలిపి ఒకే మున్సిపాలిటీ. 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి పలాసలోనే తెరిచారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు నవ్వులాట విషయం కాదు గనక, పిల్లల ఓటు పలాసకే పడింది.

ఇక నా అభ్యంతరాలు. మొదటిది జీడి. కాశీబుగ్గలో కాపురముంటే వచ్చిన ప్రతి చుట్టానికీ పప్పు పొట్లం కట్టి పంపాలి. బద్ద పెడితే చిన్నచూపు, గుండు పెడితే పింఛను చాలదు. రెండోది మరీ పెద్దది. పెద్ద బండ్లు చాలావరకు పలాసలో ఆగి, మిగతా చోట్ల కొన్నే ఆగుతాయి గనక, ఉద్దానంలో ఉన్న మా చుట్టాలంతా బండెక్కడానికి పలాసే రావాలి. రాత్రి బండికి సాయంత్రమే వస్తారు. పులిహోర పొట్లాలతో, కొబ్బరికాయల బస్తాలతో, ఎండుచేపల మూటలతో మా వసారాలో దిగుతారు. బండి లేటైతే భోజనం, మరీ లేటైతే పడక, తప్పిపోతే మర్నాడు టిఫిను. రైల్వేవాళ్ల వెయిటింగ్ హాలు ఖాళీగా ఉంటుంది, నాది నిండుతుంది.

ఈ బాధకు విరుగుడు ఒక్కటే, మిగతా స్టేషన్లలోనూ బండ్లు ఆగడం. సోంపేటకు హాల్టు, మందస రోడ్డుకు హాల్టు అంటూ అర్జీలు రాద్దామని కూర్చున్నాను. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు పోయే పట్టాలు ఒడిశాలోని ఖుర్దా రోడ్డు డివిజనువి. అర్జీ అంతదూరం పోవాలి. "పోస్టులో వెయ్యకు బావా, చేత్తో పట్టుకెళ్లు" అని బావమరిది సలహా. దానికైనా ముందు పలాస పోయి బండెక్కాలిగా!

కాబట్టి కాశీబుగ్గలో అద్దె ఇల్లేదైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి. రెండు గదులు చాలు, నీళ్లు బాగుండాలి, స్టేషనుకు నేను నడిచి వెళ్లేంత దగ్గరుండాలి. వసారా మాత్రం ఉండకూడదు. అడ్రసు నాకొక్కడికే చెప్పండి, సోంపేటవాళ్లకు వద్దు.