సోడిపిండికి సూటూ బూటూ

మా మేనల్లుడు హైదరాబాదులో ఆరేళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, నడుం పట్టేసి, మొన్న సంక్రాంతికి విజయనగరం వచ్చి ఇక వెనక్కి పోనన్నాడు. ఊరికే రాలేదు, ఐడియాతో వచ్చాడు. ఈ కాలపు కుర్రాళ్లకు ఉద్యోగం పోయినా ఐడియా పోదు.

ఓ ఆదివారం పిలిచి సరుకు చూపించాడు. బల్ల మీద కాగితం సంచులు బారుగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి సంచీ మీదా ఒక గోధుమ కంకి బొమ్మ, దాన్ని అడ్డంగా కొట్టేసిన గీత, కింద ‘గ్లూటెన్ ఫ్రీ’ అన్న ముద్ర. సంచీ గోధుమరంగుది. మొత్తం సరుకులో గోధుమ జాడ ఉన్నది ఆ రంగులోనే కాబోలు అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

మా అప్ప, అంటే వాడి తల్లి, ఒక సంచీ మూతి విప్పి చిటికెడు నోట్లో వేసుకుంది.

“ఇదేట్రా, సోడిపిండే కదా?”

“అలా అనకమ్మా. ఏన్షియంట్ గ్రెయిన్ వెల్‌నెస్ మిక్స్.”

“పేరు నీ ఇష్టం. సరిగ్గా జల్లించలేదు, నూక తగులుతంది. ఎంతేటి?”

“నూట తొంభై తొమ్మిది.”

“కుంచమా?”

“పావుకిలో.”

మా అప్ప ఇంకేమీ అడగలేదు. సంచీ మూతి మళ్లీ జాగ్రత్తగా మడిచి, బంగారం కొట్లో గొలుసు తిరిగి ఇచ్చేసినట్టు బల్ల మీద పెట్టేసింది.

లెక్క వేద్దాం. బడి పుస్తకం రాగులంటుంది, మా వైపు చోళ్లంటాం, నోటికి తేలికని సోళ్లంటాం. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. అంటే కిలో 49 రూపాయలకు కాస్త తక్కువ, అదీ రైతుకు నిజంగా దక్కితే. మావాడి రేటు కిలోకు 796. పదహారు రెట్లు. చోళ్లు కొనడం, ఆడించడం, సంచీ, బస్సు పార్సిలు అన్నీ కలిపినా ఓ నాలుగు రెట్లు తేలొచ్చు. మిగతా పన్నెండూ దేనికయ్యా అంటే, అందులో ఒక వస్తువు లేదని చెప్పినందుకు. అదెప్పుడూ అందులో లేదు. మా వీధి పాలాయన తన పాలలో పెట్రోలు కలవలేదని బోర్డు కట్టి లీటరుకు వెయ్యి అడిగితే చెంబు తీసుకుని ఇంట్లోకి వచ్చేస్తాం కదా. ఇక్కడ మాత్రం క్యూ కడుతున్నాం.

గ్లూటెన్ అంటే లాటిన్‌లో జిగురు. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే మాంసకృత్తి. పూరీకి తడిపిన పిండిముద్దను లాగితే తెగకుండా సాగుతుందే, ఆ సాగుడు దానిదే. చోడిపిండి ముద్దను అలా లాగి చూడండి, పుటుక్కున తెగుతుంది. అందుకే చోడిరొట్టెను కర్రతో ఒత్తరు, చేత్తో తడతారు. ఆ శాస్త్రం మా పల్లెల్లో పొయ్యి ముందు కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఇంగ్లీషు పేరొక్కటే తెలియదు, దాంతో పావుకిలోకు 199 అడగలేకపోయింది.

గ్లూటెన్ వల్ల జబ్బు లేదా అంటే, ఉంది. నిఖార్సయిన జబ్బు. పేరు సీలియాక్. తిన్న గోధుమ మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడి చిన్నపేగు లోపలి పొరను పాడుచేస్తుంది. పిల్లలు ఎదగరు, రక్తం పట్టదు. నెదర్లాండ్స్‌లో విలెం డికె అనే పిల్లల వైద్యుడికి గోధుమ మీద ముందునుంచే అనుమానం. 1944-45 చలికాలపు కరువులో ఆ దేశంలో రొట్టె దొరక్కుండా పోయింది. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ పిల్లలు తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే మళ్లీ మంచానపడ్డారు. ఆ పిల్లల తల్లులకు ‘గ్లూటెన్ లేదు’ అన్న ముద్ర ఫ్యాషన్ కాదు, మందుచీటీ.

మన దేశంలో ఇరవై మూడు వేల మందికి పైగా పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో వందకు సుమారు ఒకరికి, దక్షిణాదిలో వెయ్యికి సుమారు ఒకరికి ఉన్నాయి. మరి మన ఊళ్లో వెల్‌నెస్ స్టాలు ముందు నిలబడ్డ వెయ్యిమందిలో ఆ ఒక్కరూ ఎవరు? మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది ఏ జబ్బుతో నిలబడ్డారు?

ఒకసారి మా తిండి చూడండి. పొద్దున్న చద్దన్నమో తరవాణో, చోడి అంబలో. మధ్యాహ్నం అన్నం. రాత్రి అన్నం. మన్యంలో సవరలు, జాతాపులు కొండ వాలున పండించే సామలు, కొర్రలు. మెట్టన పండే గంటెలు, అంటే సజ్జలు. పండక్కి అరిసెలు, పాకుండలు, బూరెలు, జంతికలు. పలాసలో జీడిపప్పు. కళింగపట్నం ఒడ్డున ఎండు నెత్తళ్లు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా గాలిస్తే మా పూర్వీకుల వంటింట్లో గ్లూటెన్ దొరకదు. ఆ లెక్కన శ్రీకాకుళం జిల్లా సరిహద్దులోనే ఒక కంకి బొమ్మ గీసి, అడ్డంగా కొట్టేసి నిలబెట్టొచ్చు.

గోధుమ మా ఇళ్లలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. పూరీ రూపంలో హోటలుకు వచ్చింది, చపాతీ రూపంలో ఆస్పత్రి నుంచి వచ్చింది. షుగరొచ్చిన ప్రతివాడికీ రాత్రి అన్నం మాని రెండు పుల్కాలు తినమన్నారు. తిన్నాం. ఊరు ఊరంతా పళ్లు నొప్పెట్టేలా తిన్నాం. ఇప్పుడు ఆ పుల్కా విషమంటున్నారు, జావ తాగమంటున్నారు. మెత్తటి పిండిని పలచగా కాచి గ్లాసుడు తాగితే ఆ జావ కూడా రక్తంలో చక్కెరను బాగానే లేపుతుందని ఎవరూ చెప్పరు. బెల్లం పాకం పోసిన చోడి లడ్డూ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ ఉంటే షుగరున్నాయన మూడు తింటాడు. కళ్లారా చూశాను. లేనిదాన్ని చూపిస్తే ఉన్నదాన్ని ఎవడూ అడగడు, ఆ ముద్ర మహిమ అంతా అక్కడే.

నిజానికి చోళ్లలో చెప్పుకోవలసింది చాలా ఉంది. వంద గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం. బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. ఆ సంగతి మావాడి సంచీ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ముందువైపు మాత్రం లేని గ్లూటెను, దాని పక్కన ఒక మామ్మ ఫొటో.

ఆ మామ్మ కథ వేరు. పట్నంలో ఒక ఫంక్షన్ హాల్లో ‘మీ వంటింట్లోంచే వెల్‌నెస్ బ్రాండ్’ అని ఒకరోజు శిక్షణ పెట్టారు. ఫీజు 2,999, భోజనంతో కలిపి. భోజనంలో రుమాలీ రోటీ వడ్డించారట. అక్కడ మావాడికి చెప్పినవి: పిండి అనకూడదు, మిక్స్ అనాలి. కొనేవాళ్లు అనకూడదు, కమ్యూనిటీ అనాలి. సంచీ మీద మామ్మ బొమ్మ ఉండాలి. మామ్మ ఫొటో ఇంట్లో లేకపోతే ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మా మామ్మ బతికుండగా ఫొటో తీయించుకోలేదు కాబట్టి మావాడు ఇంటర్నెట్ మామ్మనే తెచ్చాడు. ఆవిడ తలనిండా పంజాబీ దుపట్టా. జీవితాంతం గోధుమరొట్టె తప్ప తిని ఉండదు పాపం, మా చోడిపిండి మీద నవ్వుతోంది.

మా మామ్మ అయితే నవ్వేది కాదు. అంబలి పేదవాళ్ల తిండన్న రోజులు చూసిన మనిషి. 1983లో రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక మా వాడలో ఎవరింటికైనా చుట్టాలొస్తే అంబలి కుండను తలుపు చాటుకు జరిపేవారు. అన్నం తినే ఇల్లనిపించుకోవడమే గౌరవం. నలభై ఏళ్లకు, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. మన బడ్జెట్ ప్రసంగం వాటికి ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టింది. ఆ మార్చిలోనే మన బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు రాగిజావ పెట్టారు. తలుపు చాటు కుండకు ఇంత మర్యాద దక్కినందుకు నాకూ సంతోషమే. ఆ మర్యాద కుండ దాచుకున్న మనిషిని దాటి, ఫంక్షన్ హాల్లో శిక్షణ ఇచ్చినవాడికి వెళ్లింది, అదే కడుపుమంట. సర్కారుకూ ఈ వేషం సంగతి తెలిసినట్టే ఉంది. కనీసం డెబ్బై శాతం చిరుధాన్యం ఉన్న పిండి విడిగా అమ్మితే జీఎస్టీ లేదు, సంచీ కట్టి పేరు పెడితే 5 శాతం అని 2023 అక్టోబరులో తేల్చింది. పన్ను పిండికి కాదు, సూటుకు.

ఇందులో ఇంకో చోద్యం. మైసూరులో ఉండి చిరుధాన్యాలను ప్రచారం చేసే ఖాదర్ వలీ గారి సిరిధాన్యాల పట్టికలో అయిదే ఉన్నాయి: కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు. రాగులది తటస్థ వర్గం. ఇన్నేళ్లు మా ఎముకలు నిలబెట్టిన చోళ్లు ఇంతా చేసి ‘నోటా’ మీట అయ్యాయి. దానికి మావాడు మూడు రోజులు బెంగపడి, ఆ తర్వాత సంచీ మీద ‘ఏన్షియంట్’ అన్న మాటను లావు చేశాడు.

విజయనగరానికి ఈ విద్య కొత్తదేం కాదు లెండి. గురజాడ వారి గిరీశం బొంకులదిబ్బ దగ్గర కనిపించేటప్పటికే పూటకూళ్లమ్మకు సంతలో సరుకు కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి ఖర్చుపెట్టేసుకున్నాడు. ఊళ్లో చిన్న తిండి వ్యాపారం నడిపింది పూటకూళ్లమ్మ. ఉపన్యాసం ఇచ్చింది గిరీశం. ఇప్పుడు ఫీజు 2,999 అయింది, అంతే.

సరే, గోధుమ జాడ సంగతి. మావాడు ఒక మేళాలో పిండి, లడ్డూలు, కారప్పొడితో స్టాలు పెట్టినప్పుడు నేనూ తోడు కూర్చున్నాను. రైల్వేలో పనిచేసే భర్తతో బదిలీ మీద లుధియానా వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఆరేళ్ల పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్లాడు నాలుగేళ్లవాడిలా ఉన్నాడు. సంచీ మీద ముద్ర చూడగానే ఆవిడ మొహం వెలిగింది. బేరం ఆడలేదు. హిందీలో రెండే ప్రశ్నలు అడిగింది.

ఈ పిండి ఎక్కడ ఆడించారు?

మా వీధి చివర మరలో. ఆ మర సంగతి ఊరందరికీ తెలుసు. ముందు డబ్బా పంతులు గారింటి గోధుమలు, తర్వాత డబ్బా మావాడి చోళ్లు. అదే రాయి, అదే గుడ్డసంచి. ముందువాళ్ల పిండి కొంత మనకొస్తుంది, మనది కొంత వెనకవాళ్లకు పోతుంది. తరతరాల పిండిమర సోషలిజం అది, ఎవరూ తగువు పెట్టుకోరు. కానీ గ్లూటెన్ లేదని రాయాలంటే చట్టం ఒప్పుకునేది కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు. పంతులు గారి గోధుమపిండి పిడికెడు చాలు, ఆ గీత దాటడానికి.

ఈ కారప్పొడిలో ఇంగువ ఏది?

మావాడు డబ్బా తీసిచ్చాడు. ఆవిడ తిప్పి చదివి, వేలు పెట్టి చూపించింది. ముద్ద ఇంగువ ఘాటు తట్టుకోలేమని బజారులో అమ్మే చాలా ఇంగువల్లో పిండి కలుపుతారు. ఆ డబ్బాలో కలిపింది గోధుమపిండి. పట్టికలో ఇంగువకంటే ముందు దాని పేరే ఉంది. బరువులో ఏది ఎక్కువైతే దాని పేరే ముందు రాయాలని నిబంధన. కంకిని కొట్టేసిన గీత కింద, ఆ సంచీలోనే కంకి ఉంది.

పిల్లాడు అప్పటికే లడ్డూ మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చెయ్యి తీయించి, కొంగుతో తుడిచి, “థాంక్యూ భయ్యా” అని వెళ్లిపోయింది. మొత్తం మేళాలో ఆ ముద్ర అవసరం ఉన్నది ఆ పిల్లాడొక్కడికే. కొనకుండా పోయిందీ వాళ్లే. ఆ సాయంత్రానికి లడ్డూలన్నీ అయిపోయాయి.

చోళ్ల మీద వ్యాపారం చేయొద్దని ఎవరన్నారు? మా జిల్లాలోనే మహిళా రైతులు వాటాదారులుగా ‘ఆరోగ్య మిల్లెట్స్’ అని కంపెనీ పెట్టుకున్నారు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చోళ్లలో వేగావతి, ఇంద్రావతి అని రకాలు తెచ్చింది, నదుల పేర్లతో. అవి రాసుకోవచ్చు కదా సంచీ మీద? ఏ రకం, ఏ ఊరి పంట, ఏ నెలలో ఆడించారు, కాల్షియం ఎంత. ఇదే మాట మావాడితో అన్నాను.

“మావయ్యా, అవన్నీ నిజాలు. ఎవడు కొంటాడు?” అన్నాడు మాడుగుల హల్వా నములుతూ. గోధుమ పాలు తీసి చేసే హల్వా అది. నేనేం అనలేదు, నా నోట్లోనూ అదే ఉంది.

పోయిన వారం కొత్త సరుకు దించాడు. తాటిబెల్లం, చింతపండు, కల్లుప్పు. మూడింటి మీదా కంకి, అడ్డంగా గీత.

మీలో ఎవరికైనా గోధుమ తింటే నిజంగానే పడటం లేదనిపిస్తే, పిల్లలు తిన్నది ఒంటబట్టక ఎదగడం లేదనిపిస్తే, సంచీ కొనకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీలియాక్‌కు రక్తపరీక్ష ఉంది. అది గోధుమ తింటూ ఉండగానే చేయించుకోవాలి. నెలల తరబడి మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు.