ఇంజను దింపించీసినాను బావా

స్పోర్ట్స్ కారంటే ఏమిటో మోటారు వాహనాల చట్టంలో వెతికితే దొరకదు. ఆదివారం పొద్దున్న శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలికి దగ్గర్లో టీ కొట్టు ముందు నిలబడితే దొరుకుతుంది. రంగు ఎరుపై ఉండాలి. వెనక డిక్కీ మీద బట్టలారేసుకునే దండెంలాంటి రెక్క ఒకటుండాలి. దాని గురించి గంటసేపు మాట్లాడ్డానికి యజమానికి ఊపిరుండాలి. ఈ మూడూ కుదిరితే మారుతీ 800 కూడా స్పోర్ట్స్ కారే. 796 సీసీ, మూడు సిలిండర్లు. 2014లో కంపెనీవాళ్ళు దాన్ని చేయలేమని చేతులెత్తేశారు గానీ, మా లెక్కల మాస్టారు ఇంకా ఎత్తలేదు.

అక్కడ చేరేవాళ్ళు ఆరేడుగురు. పెళ్ళాం పిల్లలు ఎలా ఉన్నారని ఎవరూ ఎవర్నీ అడగరు. "ఏటి బావా, ఈ వారం ఏటి సేయించినావు?" అన్నదే కుశల ప్రశ్న. "ఇంజను దింపించీసినాను బావా" అని జవాబొస్తే మిగతావాళ్ళు గ్లాసులు కింద పెట్టేస్తారు. ఆ వారం ఆయన చేత టీ డబ్బులు ఇప్పించరు. నాకు బండి లేదు. అందుచేత తీర్పులు చెప్పే పని నాకు అప్పగించారు.

బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయనది యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో మన రోడ్ల మీదికొచ్చి, పొగ నిబంధనలు బిగిసేసరికి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీకి 11 గుర్రాల బలం. ఆ గుర్రాల్లో ఎన్ని బతికున్నాయని ఆయన ముందు అడక్కూడదు. బోరు చేయించి చేయించి, ఇంకోసారి చేస్తే సిలిండరుకి గోడ మిగలదని మెకానిక్ చేత అనిపించుకున్నాడు. టూ స్ట్రోక్ బండిలో పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది గనక సైలెన్సర్ నిండా మసి పేరుకుంటుంది. అప్పుడప్పుడు దాన్ని విప్పి కాల్పిస్తాడు. ఆ రోజు వీధి వీధంతా కిటికీలు మూసుకుంటుంది. బండికి సెల్ఫ్ లేదు, కిక్కే. మోకాలికి విశ్రాంతి ఇమ్మని డాక్టరు చెబితే ఈయన వెళ్ళి కిక్కు రాడ్డు మార్పించుకొచ్చాడు. "మోకాలి చిప్పకైతే ఏ ఆస్పత్రిలోనైనా స్పేరు దొరుకుతాది బాబూ. దీని ఒరిజినల్ పిస్టన్ దొరకమను, సూద్దాం!"

బుల్లెట్టు కుర్రాడికి పికప్‌తో పనిలేదు, చప్పుడే కావాలి. కంపెనీ సైలెన్సర్ తీసి పంజాబ్ సైలెన్సర్ బిగించాడు. అంత బండికి చట్టం ఒప్పే చప్పుడు 80 డెసిబెల్స్. వీడు ఏడు రోడ్ల కూడలిలో గేరు మారిస్తే ఏడు రోడ్లవాళ్ళూ వెనక్కి తిరిగి తిడతారు. విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలరు తొక్కించడం ఫోనులో చూసినప్పట్నుంచీ, విశాఖ వెళ్ళాలంటే వాడు బస్సెక్కుతున్నాడు. బండి మీద అంత ప్రేమ.

అసలైన స్పోర్ట్స్ కారు నేలకి దగ్గరగా ఉండాలట. మాస్టారు స్ప్రింగులు కోయించి తన 800ని కిందికి దింపించారు. స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు రాసిపెట్టారు. ఆ పుస్తకం మా పల్లెలకి ఇంకా చేరలేదు. ఎవరి మేకపిల్లో బండి కింద పడిందంటే, సాయంత్రానికల్లా మిగిలిన సిమెంటుతో రోడ్డుకి అడ్డంగా గట్టు లేస్తుంది. దాని ఎత్తు ఆ మేక మీదుండే మమకారాన్ని బట్టి ఉంటుంది. ప్రతి గట్టు దగ్గరా మాస్టారి కారు ఆగుతుంది, భార్యాపిల్లలు దిగుతారు, కారు గీరుకుంటూ దాటాక మళ్ళీ ఎక్కుతారు. నూర్పుల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే మరీ అవస్థ. కారు ఇంటికి చేరగానే వీధిలో కోళ్ళన్నీ దాని కిందికి దూరతాయి. "మాస్టారూ, కారు కొన్నారా, గొర్రు కొన్నారేటి?" అని ఓ రైతు అడిగేశాడు కూడా.

సోంపేట వైపు నుంచి వచ్చే కొబ్బరితోట ఆసామికి ఈ ఖర్చు తప్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆయన కారు టాపు మీద కొబ్బరిచెట్టు పడింది. ఉద్దానంలో తోటలకి తోటలే నేలకి ఒరిగిపోయిన రోజు, కారు గురించి ఏడవడానికి ఆయనకి తీరిక లేకపోయింది. తర్వాత టింకరింగ్ మేస్త్రి ఎంత కొట్టినా టాపు పూర్తిగా పైకి లేవలేదు. ఇప్పుడది నాలుగు వేళ్ళ తక్కువ. తల వంచుకుని కూర్చోవాలి. "మీరు డబ్బులిచ్చి కిందికి దింపించుకున్నారు, నాకు ఊరికే అయిపోనాది" అని నవ్వుతాడు.

ఓ ఆదివారం నిప్పు రాజేసింది నేనే. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిందనీ, అదే ఏడాది చట్టాన్ని సవరించి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నారనీ చెప్పాను. మాస్టారు సిగరెట్ పెట్టె మీద రెక్క, హారను, స్ప్రింగులు, రంగు, దీపాలు అంటూ కూడిక మొదలెట్టారు. మొత్తం కారు ఖరీదు దాటిపోయింది. దిగులు పడతారేమో అనుకుంటే ముఖం వెలిగిపోయింది. "సూసినారా, మన బండి విలువ!" అన్నారు. "మరి తిత్లీ సేసిన మార్పుకి నోటీసు ఎవలికిస్తారు?" అని ఆసామి అడిగాడు. తీర్పు వాయిదా వేశాను.

ఇలా సాగుతున్న సభకి ఒకరోజు సాలూరు లారీ ఓనరొకాయన వచ్చిపడ్డాడు. సాలూరంటే లారీల ఊరు. విజయవాడ తర్వాత తామేనంటారు వాళ్ళు. వట్టి చాసీ మీద క్యాబినూ బాడీ కట్టి, రంగులేసి, ఘాట్ రోడ్డు ఎక్కించి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు పంపే షెడ్లున్న ఊరు. ఆయన నంబరు ప్లేటు ఏపీ 35, అంటే విజయనగరం. 2022 ఏప్రిల్లో ప్రభుత్వం సాలూరునే విప్పి పార్వతీపురం మన్యం జిల్లాకి బిగించింది. ఆ మార్పుకి 5,000 ఎవరూ కట్టలేదు.

ఆయన టీ తాగుతూ అందరి కథలూ విన్నాడు. రెక్క తడిమి చూశాడు, హారను కొట్టి చూశాడు, బాగుందన్నాడు. గ్లాసు పెట్టేస్తూ, "ఐతే వీటి మీద ఎందాకా ఎల్లొచ్చినారు బాబూ?" అన్నాడు.

రాయపూర్ పోయొచ్చే మనిషికి ఏం చెబుతారు? చివరికి పెద్దాయనే, "మొన్న మెకానిక్ దగ్గరికి ఎల్లొచ్చాను" అన్నాడు. మిగతావాళ్ళ సంగతీ అంతే. మీటర్లో కనిపించే కిలోమీటర్లన్నీ ఇంటికీ షెడ్డుకీ మధ్య తిరిగినవే. ఎక్కడికో వెళ్ళడానికి బాగు చేయించుకుంటున్నారని నేననుకున్నాను. వీళ్ళు బాగు చేయించడానికే వెళ్తున్నారు.

లారీ ఓనరు వెళ్ళిపోయాక పౌరుషం పొడుచుకొచ్చింది. వచ్చే ఆదివారం అందరూ బండ్ల మీద బారువ సముద్రానికి పోవాలని తీర్మానించారు. మడపాం టోల్‌గేటు దాటి నరసన్నపేట, టెక్కలి మీదుగా హైవే. తోవలో కావాలంటే తేలినీలాపురం పక్షుల్నీ చూడొచ్చు. అంత దూరమంటే మాటలా మరి! పెద్దాయన చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు మార్చాలన్నాడు. మాస్టారికి బ్రేకు లైనర్ల మీద అనుమానమొచ్చింది. బుల్లెట్టు కుర్రాడు కార్బొరేటర్ విప్పించాలన్నాడు. "సముద్రం గాలికి తుప్పట్టేస్తాది, అడుగున కోటింగేయించాల" అన్నాడు కొబ్బరితోట ఆసామి. ఆయన ఇల్లు బారువకి కూతవేటు దూరం.

బండ్లన్నీ ఒకే మెకానిక్ దగ్గర చేరాయి. ఆదివారం తెల్లారకుండానే పులిహోర గిన్నెలతో వెళ్తే షెడ్డుకి తాళం. రేకుల సందులోంచి చూస్తే నాలుగు బండ్లూ విప్పి పరిచి ఉన్నాయి. పక్కనున్న పంక్చర్ల కుర్రాడు బయటికొచ్చాడు.

"మేస్త్రి నేడు బాబూ. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని బారువ ఎలిపోనాడు. అయిదింటి బస్సుకి."

కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది మాస్టారే. పులిహోర గిన్నె అరుగు మీద పెట్టి, కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, "ఆ బస్సుకి షాకబ్జర్లు ఎలాగున్నాయిరా?" అన్నారు.

"ముందు టైర్లెలాగున్నాయో సెప్పమనండి" అన్నాడు పెద్దాయన, అరుగు మీద కూకుంటూ.